జేజి మంచం కింది మామిడి బుట్ట

ఆ బుట్టను జేజి మంచం కిందికి తోసింది నేనే. కాపలా ఆయన రెండుసార్లు అడిగితే రెండుసార్లూ లేదని చెప్పిందీ నేనే. అప్పటికి నేను చిత్తూరులో ఐదో తరగతికి పంతులమ్మను. అబద్ధం చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించి పీరియడు అయ్యేదాకా నిలబెట్టేదాన్ని. నన్ను ఎక్కించేవాళ్ళు ఎవరూ లేకపోయారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత నా అంతట నేనే ఎక్కి నిలబడుతున్నాను.

తొంభైల చివరి మాట ఇది. బంగారుపాళ్యం దగ్గర మా నాయనకు మామిడి తోట, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి కాయ కొని అమ్మే చిన్న మండీ ఉండేవి. ఆ ఏడు నాయన పంపిన తోతాపురి తెగ నచ్చి, ఫ్యాక్టరీకి కాయ కొనే మదరాసు ఆసామి ఒకాయన మాకు బహుమానంగా రంగుల కాగితం ఒకటి ఇచ్చి పోయాడు. తిరుపతి నుంచి రెండు గంటల దూరంలో, కొండల్లో, పట్నం వాళ్ళెవరో కొత్తగా పెట్టిన ఎకో లాడ్జిలో రెండు రోజుల బస. కాగితం మీద వాగు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘వర్షారణ్యం ఒడిలో’ అని.

నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “వానే పడని సీమలో వాన అడివేందప్పా? యాడుండాది ఇది?” అన్నాడు. అయినా ఊరికే వచ్చిన బస వదులుకుంటే ఆసామి నొచ్చుకుంటాడని బయలుదేరదీశాడు. కోతలు చివరికి వచ్చాయి, చెట్ల మీద ఆఖరున కాసే నీలం రకం కాయలు మాత్రమే మిగిలి ఉన్నాయి. వాటిని చూసుకోవడానికి అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాయన, నేను, ఎనభై ఏళ్ళ మా జేజి, అంటే నాయన తల్లి, ముగ్గురం బస్సెక్కాం. మాతోపాటు రెండు బుట్టల నీలం కాయలు కూడా ఎక్కాయి.

మా ఇళ్ళలో కాపు కాలంలో వట్టి చేతులతో గడప దాటరు. ఆస్పత్రికి పోయినా సరే, పోలీసు స్టేషనుకు పోయినా సరే, నాలుగు కాయలు వెంట ఉండాల్సిందే. ఒక బుట్ట లాడ్జి వాళ్ళకు. రెండోది తిరుపతిలో ఉన్న మా పెద్దమ్మకు. అడవి నుంచి నేరుగా ఆమె ఇంటికి పోవాలని అనుకున్నాం. ఆమెకు ఇచ్చే బుట్టను నేనే కట్టాను. అడుగున వరిగడ్డి పరిచి, కాయల్ని వరసలుగా పేర్చి, వరసకూ వరసకూ నడుమ మళ్ళీ గడ్డి వేసి, పైన గోనెపట్ట కప్పి బిగించి కట్టాలి. కట్టాక నాలుగు రోజులు దాని జోలికి పోకూడదు. నడుమ విప్పి గాలి తగలనిచ్చామో, ఒకటి పండుతుంది, ఒకటి ముడతలు పడుతుంది, ఒకటి కుళ్ళుతుంది. చిన్నప్పుడు ఒకసారి ఆశపడి గడ్డిలో చెయ్యి పెట్టినందుకు జేజి నా వీపు చిట్లగొట్టింది. కాబట్టి ఆ ముడి పెద్దమ్మ ఇంట్లోనే విప్పాలి. అది నాకు పాఠ్యపుస్తకంకంటే పెద్ద నియమం.

లాడ్జి గేటు దగ్గర ఇంకో నియమం కనబడింది. తినే పదార్థం ఏదైనా సరే వంటింటి పక్కన ఇనుప తలుపుల కొట్టులో అప్పజెప్పాలి, గుడిసెల్లోకి తీసుకుపోకూడదు అని బోర్డు. గేటు తీసింది కాపలా ఆయనే. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, పైన లాడ్జి వాళ్ళిచ్చిన ఖాకీ చొక్కా. పక్క పల్లెవాడు. కాపలా కాసేదీ, అడవి చూపించేదీ, బరువులు మోసేదీ అన్నీ ఆయనే. నాయన మొదటి బుట్ట ఎత్తుకుని వంటింటి వైపు పోయాడు. జేజి దూరంగా అరుగు మీద కూర్చుని మోకాళ్ళు పిసుక్కుంటోంది. రెండో బుట్ట జేజి బొంతలో చుట్టి నా చంకలో ఉంది.

“ఆ మూటలో ఏముండాదమ్మా?” అని అడిగాడు.

“పరుపుబట్టలు. జేజివి” అన్నాను.

నోరు తడబడలేదు కూడా. కొట్టులో చల్లగా ఉంటుంది, కాయ మాగదు, పైగా వాళ్ళు గోనె విప్పి చూస్తారు, పెద్దమ్మ ముందు మా తోట పరువు పోతుంది. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఇంతే. ఆయన మూట వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. “సరేమ్మా” అని పక్కకు జరిగాడు.

లాడ్జి మాత్రం విడ్డూరంగా ఉంది. మట్టి గోడలు, పేడతో అలికిన నేల, పైన బోదగడ్డి కప్పు. వెనక వైపు గోడ బదులు వెదురు తడక, దాన్ని నారతాళ్ళతో గుంజలకు కట్టారు. ముందు వెదురు బద్దల తలుపు, దానికి కొయ్య గడియ. కరెంటు లేదు, ఎండతో వెలిగే చిన్న దీపాలు. సబ్బు బదులు కుంకుడుకాయ, పళ్ళెం బదులు విస్తరాకు, ప్లాస్టిక్ అన్నది కంటికి కనబడదు. ఇదంతా అడవికి హాని చేయకుండా బతికే పద్ధతి అని నేను పాఠం చెప్పినట్టు జేజికి వివరించాను. ఆమె నేల తడిమి చూసి, “ఈ పేడనేల పీడ వదిలిద్దామనే గదా మీ తాత పుస్తెలతాడు కుదవబెట్టి సిమెంటు ఏపించినాడు. మళ్ళా దీనికోసరం బస్సెక్కి రావాల్నా?” అంది. నాయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ యాత్రలో మేము నవ్వింది ఆ ఒక్కసారే.

మూడు మంచాల్లో తడక పక్కనున్న మంచం కింద ఎండ వేడి బాగా నిలుస్తోంది. అది జేజి మంచం. బుట్టను దాని కిందికి తోసి ముందర బొంత అడ్డం పెట్టాను.

మరునాడు పొద్దున కాపలా ఆయన నన్నూ నాయననూ వాగు వెంబడి తీసుకుపోయాడు. మా జిల్లాలో ఇంత పచ్చదనం దాక్కుని ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మనిషి నడుమంత లావు తీగలు ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి పాకి, నట్టెండలో కూడా నేలంతా చీకటిగా ఉంది. రాళ్ళనిండా నాచు, మోకాలి లోతు చల్లటి నీళ్ళు. నాయన ఎగతాళి మానేసి చేతులు కట్టుకుని నడిచాడు.

కాపలా ఆయన అడవిని కళ్ళతో చూసేవాడు కాదు. పది అడుగులకొకసారి ఆగి ముక్కు పైకెత్తేవాడు. “ఈ రాయి సందున తేనె ఉండాది” అనేవాడు. వంగి చూస్తే ఉండేది. ఒకచోట ఆగి, “తెల్లారుజామున ఎలుగుబంటి పోయినాది ఈ దావన. తల్లి. ఎనకాల పిల్ల గూడా ఉండాది” అన్నాడు. నాకు మట్టి వాసన తప్ప ఏమీ తగల్లేదు. నాయన బీడీ తీసి ఆయనకొకటి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“వద్దన్నా. బీడీ, పొగాకు నేను ముట్టను. ముక్కు సెడిపోతాది. మా నాయన నాకు ఇచ్చింది ఈ ముక్కొకటే” అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జలపాతానికి బయలుదేరాం. జేజి మోకాళ్ళు సహకరించవని గుడిసెలోనే పడుకుంది. మేము మెట్లు దిగుతుంటే కాపలా ఆయన నా పక్కకు వచ్చాడు. నాయనకు వినబడకుండా మెల్లగా మాట్లాడాడు.

“అమ్మా, గుడిసెలో తినేటియి ఏమన్నా ఉంటే ఇప్పుడు సెప్పండి. నేను బిరీన పోయి కొట్టులో పెట్టొస్తా. ఎవురికీ సెప్పను.”

ఇంత మర్యాదగా ఇచ్చిన అవకాశం నా జీవితంలో మళ్ళీ రాలేదు. కానీ ఒకసారి పరుపుబట్టలని చెప్పాక ఇప్పుడు బుట్ట ఎట్లా బయటికి తీయడం? పంతులమ్మ అబద్ధమాడిందని ఈ మనిషి అనుకోడా? “ఏమీ లేవన్నాను కదా” అన్నాను, కొంచెం కసురుకుంటూనే. ఆయన తల ఊపి ముందు నడిచాడు.

నాలుగు గంటలప్పుడు తిరిగి వస్తున్నాం. మలుపు తిరిగి, గుడిసె ఇంకా పదిహేను అడుగులు ఉందనగా ఆయన చెయ్యి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపాడు. ముక్కు పైకెత్తాడు. ఆ మొహంలో నెత్తురు ఇంకిపోవడం నా కళ్ళతో చూశాను.

“అవ్వ ఒక్కతే ఉండాదా లోపల?”

అప్పుడు తలుపు కనబడింది. వెదురు బద్దలు విరిగి లోపలికి వేలాడుతున్నాయి. ఆ సందులోంచి నల్లటి వీపు ఒకటి కదులుతోంది. చిక్కుపడిన పొడుగాటి వెంట్రుకలు, వాటి నిండా వరిగడ్డి. జుర్రుమని పీలుస్తున్న చప్పుడు బయటికి వినబడుతోంది. అది తలను మంచం కింద పెట్టింది. మంచం లేచి పడింది. మంచం మీద మా జేజి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది.

నాయన “అమ్మా” అని అరవబోయాడు. కాపలా ఆయన గబుక్కున నాయన నోరు మూసి, చెవిలో చెప్పాడు.

“అరిస్తే అది తిరుక్కుంటాది అన్నా. తిరుక్కుంటే దాని ముందర ఉండేది అవ్వే. మీరీడనే నిలబడండి. కదలొద్దండి.”

చెప్పులు విడిచి ఆయన గుడిసె వెనక్కి పోయాడు. చేతిలో కట్టెలు కొట్టే మచ్చుకత్తి ఒకటే ఉంది. తలుపు సందులోంచి మాకు అవతలి తడక కనబడుతోంది. తడక బద్దల నడుమ ఒక కన్ను కనబడింది. తర్వాత గుసగుస వినబడింది.

“అవ్వా. నేను. కండ్లు తెరవొద్దు. కాళ్ళు కిందికి దించొద్దు. దగ్గొద్దు.”

జేజి తల ఊపింది. నారతాళ్ళు ఒక్కొక్కటే తెగుతున్నాయి. ఒకటి తెగినప్పుడల్లా చిన్న చప్పుడు. ఎలుగు తల బయటికి తీసి ఒక్క క్షణం ఆగింది. మూతికి పసుపుపచ్చని గుజ్జు. నేను నా చెయ్యి కొరుక్కున్నాను. ఆ పంటి గాటు చాలా రోజులు మానలేదు. అది మళ్ళీ కిందికి వంగి ఇంకో కాయ పీల్చుకుంది. తడక కింది మూల మెల్లగా బయటికి తెరుచుకుంది. రెండు చేతులు లోపలికి వచ్చి జేజి చంకల కింద పట్టుకుని, పసిపిల్లను ఉయ్యాల్లోంచి తీసినట్టు తీసుకుపోయాయి. ఎలుగు తల కూడా ఎత్తలేదు.

ఆయన జేజిని వీపున వేసుకుని వంటింటి కొట్టుదాకా పరుగెత్తాడు. మేము ఎట్లా వెళ్ళామో నాకు గుర్తులేదు. ఇనుప తలుపులు మూసుకున్నాక జేజి కళ్ళు తెరిచింది. “కుక్కేమో అనుకుంటి నాయనా. మంచం పైకి లేస్తాంటే గానీ తెలీలా” అంది. కొంచెంసేపటికి మళ్ళీ, “పాపం, బాగా ఆకలిగా ఉన్నింది దానికి” అంది. నాయన నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఎలుగు బుట్టంతా తిని, తన దారిన తాను కొండెక్కి పోయింది. పొద్దు గుంకకముందే కాపలా ఆయన గుడిసెంతా ఊడ్చి, టెంకలన్నీ ఏరి దూరంగా గొయ్యి తీసి పూడ్చి, నేలంతా బూడిదతో రుద్ది కడిగాడు. వాసన మిగిలితే రేపు పిల్లను కూడా వెంటబెట్టుకుని వస్తుందట. నా వైపు చూడనైనా చూడలేదు. తిట్టి ఉంటే నాకు ఎంత బాగుండేదో.

మరునాడు పొద్దున్నే తిరుపతి నుంచి మేనేజరు జీపులో దిగాడు. విరిగిన తలుపు, తెగిన తడక చూశాడు. కాపలా ఆయన్ను మా ముందే నిలబెట్టాడు.

“పండ్లు గుడిసెలోకి ఎట్లా వచ్చాయి? నువ్వు అడగలేదా వీళ్ళని?”

ఆయన నేల చూస్తూ, “మూట ఇప్పి సూడలేదు సార్. తప్పు నాదే” అన్నాడు.

మేనేజరు మా వైపు తిరిగాడు. “అడిగాడా అండీ మిమ్మల్ని? ఇతను అడిగి, మీరు లేదని ఉంటే ఇతని తప్పేమీ లేదు. అడక్కపోయి ఉంటే మాత్రం నేను ఇతన్ని ఉంచలేను.”

ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. కాపలా ఆయన నన్ను అడిగిన సంగతి నాయనకు తెలియదు. గేటు దగ్గర అడిగినప్పుడు నాయన వంటింట్లో ఉన్నాడు, మెట్ల మీద మాటలు ఆయనకు వినబడలేదు. ఆయన నా మొహం చూశాడు. జేజి నా మొహం చూసింది. ‘అడిగాడు’. నాలుగు అక్షరాలు. అవి చెబితే బుట్ట లోపల ఉండిపోయింది పొరపాటున కాదని, అడిగినా దాచి జేజిని ఎలుగు ముందు కూర్చోబెట్టింది నేనని జేజికే తెలుస్తుంది.

“గుర్తులేదు” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేను. అడిగి ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు. మందలించి వదిలేస్తారనుకున్నానో, ఏమనుకున్నానో. మేనేజరు జేజికి వినబడకుండా గొంతు తగ్గించి “అయితే చొక్కా ఇచ్చెయ్” అన్నాడు. అంతే. ఆయన అక్కడికక్కడే గుండీలు తీసి, ఖాకీ చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి మెట్టు మీద ఉంచాడు. లోపల చిరుగుల బనీను. మా జేజిని జీపు ఎక్కించింది కూడా ఆ బనీనుతోనే.

“సొక్కా ఎందుకిప్పినావబ్బా?” అని జేజి అడిగింది.

“ఉక్కపోస్తాండాది అవ్వా” అన్నాడు.

ఆ ఏడాది నేను బడిలో ఎవర్నీ బెంచీ ఎక్కించలేదు. పిల్లలు నేను మంచిదాన్నైపోయానని సంబరపడ్డారు.

మరుసటి వేసవి సెలవుల్లో బంగారుపాళ్యంలో ఉన్నాను. నాయనకు మధ్యాహ్నం టీ తీసుకుని మండీకి పోతే లారీ దగ్గర కూలీలు కాయ దించుతున్నారు. అందులో ఒకాయన తల మీది క్రేటు దించి, తుండుతో మొహం తుడుచుకుని, “బాగుండారామ్మా?” అన్నాడు. చూస్తే లాడ్జి కాపలా ఆయనే. అడవిలో ఇంక తనకు పని ఇచ్చేవాళ్ళు లేరని, పల్లెలో అందరితోపాటు కాయకోతలకు వచ్చేశానని చెప్పాడు. ఆ మాట చెప్పడంలో దెప్పిపొడుపేమీ లేదు.

మండీ పక్కనే మా ఇల్లు. జేజికి అప్పటికి చూపు దాదాపు పోయింది. గొంతు విని, “ఎవురది, అడివాయనా? రా నాయనా, ముందు అన్నం తిను” అంది. తన ఎదురుగా కూర్చోబెట్టి తినిపించేదాకా ఊరుకోలేదు.

ఆయన ముక్కు సంగతి నాయనకు రెండో రోజే అర్థమైంది. పేర్చిన క్రేట్ల ముందు నడుస్తూ ఆయన ఆగి, “ఈ వరసలో, కిందినుంచి మూడోదాంట్లో ఒక కాయ కుళ్ళినాది అన్నా” అన్నాడు. దించి చూస్తే నిజం. ఇంకో రోజు గోనెకప్పిన గడ్డిబుట్టల ముందు పది అడుగుల దూరంలో నిలబడి, “అది రేపటికి మాగుతాది. దీనికింకా మూడు దినాలు పట్టాల. వాటిల్లో నీలాలు, ఈట్లో బేనీషాలు” అని చెప్పాడు. మూట విప్పకుండానే. నాయన మురిసిపోయి ఆయన్ను బరువుల పని నుంచి తప్పించి కాయ మాగబెట్టే గదికి పెద్దను చేశాడు.

పది అడుగుల దూరం నుంచి, గోనె కట్టిన బుట్ట. నేను అక్కడే నిలబడి ఉన్నాను. గేటు దగ్గర నా చంకలోని మూటకూ ఆయన ముక్కుకూ మధ్య రెండడుగులు కూడా లేవని ఆ నిమిషంలో నాకు తట్టింది. అందరూ పోయేదాకా ఆగి అడిగాను.

“ఆ రోజు నా మూటలో కాయలున్నాయని మీకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“మెట్ల మీద మళ్ళీ అడిగింది అందుకేనా?”

“అవును.”

“మరి తెలిసీ ఎందుకు వదిలేశారు?”

ఆయన చేతిలో ఉన్న కాయను తుడుస్తూ, నేను అడగకూడనిది అడిగినట్టు మొహం పెట్టాడు. “మీరు లేదన్నాక నేను నా ముక్కును నమ్మాల్నా, మిమ్మల్ని నమ్మాల్నా అమ్మా?” అన్నాడు.

ఆ సాయంత్రమే నాయనకూ జేజికీ అంతా చెప్పేశాను. నాయన తింటున్న కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. “ఒక్క మాట పాపా. ఒక్క మాట” అని లేచి పోయాడు. జేజి మాత్రం, “ఆయప్ప పని ఆయప్పకు తెచ్చియ్యి” అంది.

లాడ్జి వాళ్ళ రంగుల కాగితం మీద అడ్రసు ఉంది. జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం పెట్టి, నేను ఏ బడిలో పని చేస్తానో కూడా రాసి పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. కాపలా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు, జవాబు వచ్చాక చెబుదామనుకున్నాను.

ఆ నడుమ మండీలో పద్ధతులు మారిపోయాయి. గడ్డిలో నాలుగు రోజులు ఆగే ఓపిక కొనేవాళ్ళకు లేదు. రెండు రోజుల్లో కాయ పసుపుపచ్చగా కావాలి. అందరితోపాటు నాయన కూడా కార్బైడు రాయి తెప్పించాడు. కాగితంలో పొట్లం కట్టి క్రేటు అడుగున పెడితే చాలు, గదినిండా కుళ్ళిన వెల్లుల్లి కంపు, ఒక్కసారిగా రంగు. ఆ గదిని చూసుకునేది కాపలా ఆయనే. కిటికీలు మూసిన గదిలో పొద్దంతా ఉండేవాడు. కళ్ళు ఎర్రబడి బయటికి వచ్చి దగ్గేవాడు. నేను చూశాను. చూసి, మంచి పని దొరికిందిలే అనుకున్నాను.

రెండో వేసవిలో జవాబు వచ్చింది. పాత మేనేజరు పోయి కొత్తాయన వచ్చాడట. ‘ఆ మనిషిని వెంటనే పంపండి. వాసన పట్టి ఎలుగు జాడ చెప్పగలిగినవాడు మాకు మళ్ళీ దొరకలేదు’ అని రాశాడు. ఉత్తరం పట్టుకుని చెప్పులు లేకుండా మండీకి పరుగెత్తాను. ఆయన్ను మా ఇంటి అరుగు మీదికి తీసుకువచ్చి కూర్చోబెట్టి, ప్రతి ముక్కా చదివి వినిపించాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

అరుగు మీద గడ్డిబుట్ట ఒకటి ఉంది. ఇంటి వాడకానికి ఇంకా గడ్డిలోనే వేసేవాళ్ళం. ఆ పొద్దే ముడి విప్పాం. ఆయన అందులోంచి ఒక నీలం పండు తీసి, తొడిమ దగ్గర ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టాడు.

“ఇది మాగినాదా అమ్మా? మీరే సెప్పండి.”

నాకు అర్థం కాలేదు. ఆయన గొంతు బాగా తగ్గించాడు.

“పోయినేడు ఆఖర్నుంచే లేదమ్మా. రాయి కంపు ఎక్కినాక ఇంగేమీ తెలీడం లేదు. అన్నకు సెప్పలేదు, సెప్తే ఈ పని గూడా పోతాదని. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకోని, రంగు సూసి సెప్తాండా. ఇంగ అడివికి పోయి నేనేం జేస్తానమ్మా?”

పండు నా చేతిలో ఉంది. కాగితం ఒళ్ళో ఉంది. లోపలి గదిలో, కళ్ళు కనబడని మా జేజి మంచం మీద లేచి కూర్చున్న చప్పుడైంది.

“పాపా, నీలాలు మాగినట్టుండాయే. వాసన ఈడిదాకా వస్తాండాది. అడివాయనకొకటి ఇయ్యి” అని పిలిచింది.